బలవంతుని గుట్టు అడిగిన వేషం

మా తల్లిగారిల్లు సుల్తానాబాద్. నేతపని చేసేటోళ్లం. పెండ్లయి బెల్లంపల్లి వచ్చినంక, బొగ్గుబాయి కాలనీ పక్కన మిషన్ బడిల ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేదాన్ని. ఒక యేడు బడి పండుగకు బైబిల్ నాటకం వెయ్యాలనుకున్నరు. ఆ కథల మహా బలమున్న మనిషి దగ్గర ఒకామె ప్రేమగా ఉండి, అతని బలమంతా జుట్టులనే ఉన్నదని తెలుసుకొని శత్రువులకు పట్టిస్తది. ఆమె వేషానికి క్రైస్తవుల ఇండ్లల్ల ఎవరూ తమ ఆడపిల్లను పంపలే. హిందువును కదా, నాకు పట్టింపు ఉండదని నన్నడిగిన్రు. ఒప్పుకున్న.

వేషం ఎట్లుండాల్నో పాస్టరుగారు ఒక పాత రంగుల బొమ్మ చూపించిండు. బలవంతుడు ఆమె ఒడిల నిద్రపోతుండు, ఆమె చేతిల కత్తెర ఉన్నది. ఇంటికిపోయి బైబిల్ చదివితే కత్తెర మాటే లేదు. ఆమె ఇంకో మనిషిని పిలిచి క్షవరం చేయించిందట. అంతకుముందు మూడుసార్లు ఆమె తనను పట్టియ్యబోయిందని అతనికి తెలుసు. తెలిసి కూడ గుట్టెందుకు చెప్పిండు? రెండు సంగతులూ పాస్టరుగారిని అడిగిన.

"కత్తెర లేకుంటే ఆమె ఎవరో చూసేటోళ్లకు ఎట్ల తెలుస్తదమ్మా?" అన్నడు. నా చేతికి కత్తెరిచ్చి పోయిండు.

బలవంతుని వేషం ఒక బొగ్గుబాయి కార్మికుడు కట్టిండు. ఎత్తైన మనిషి, నన్ను చెల్లె అని పిలిచేటోడు. నాటకంల నేను, "నీ బలం ఎక్కడున్నది?" అని అడిగిన. అతను జుట్టు మాట చెప్పాలె. చెప్పలే. నాకొక్కదానికే వినపడేటట్టు, "బలం లేదు చెల్లె. బాయిల పైకప్పు కూలినకాడి నుంచి లోపలికి దిగాలంటే కాళ్లు వణుకుతున్నయి. ఇంట్ల కూడ చెప్పలే" అన్నడు. అటెనుక గట్టిగా నాటకం మాట చెప్పి, నా ఒడిల తల పెట్టిండు. ఏం చెయ్యాల్నో తోచక జనపనారతోని చేసిన పెట్టుడు జుట్టు కత్తిరించిన. జనం నన్ను తిట్టుడు వినపడ్డది.

మూడొద్దులకు ఆయన భార్య మా ఇంటికొచ్చింది.

"వదినా, మీ అన్న సక్కగ తింటలేడు. నాటకంల నీతోని ఏదో అన్నడు, పెదవులు కదిలినయి. ఏమన్నడు?"

చెప్పొద్దనుకున్న. మళ్ల బాయిల ఆయనకేమన్న అయితే? చెప్పేసిన.

ఆమె సక్కగ బాయి ఆఫీసుకు పోయి, బతిమాలి, ఆయనకు బాయి పైన, కార్మికులకు దీపాలిచ్చే లాంపుల గదిల పని ఇప్పిచ్చింది. ఆయన భయం సంగతి కాలనీ అంతా తెలిసింది. తోటి కార్మికులు ఆయన ముంగటనే నవ్విన్రు.

ఒకనాడు అంగట్ల ఎదురైండు.

"బాగున్నవా అన్నా?" అన్న.

"నమ్మి చెప్పిన కదా, టీచరమ్మా" అన్నడు. గొంతుల కోపం లేదు. చెల్లె అని మాత్రం పిలవలే.

ఆయన భార్య మాత్రం ఎప్పుడు కనపడ్డా, "నా ఇల్లు నిలబెట్టినవ్ వదినా" అని చేతులు పట్టుకునేది. ఆ చేతులు ఇడిపించుకోవాల్నో, పట్టుకోవాల్నో నాకు సమజయ్యేది కాదు. చానాసార్లు అట్లనే నిలబడి, పనున్నదని చెప్పి వచ్చేసేదాన్ని.