బదనిక పువ్వులో లేని గింజలు

నలుగురిలో నా కళ్ళను ఎగతాళి చేసిన మనిషికే, చూడడం నేర్పినందుకు కృతజ్ఞత చెప్పాలా? ఏళ్ల తరబడి మోస్తున్న ప్రశ్న ఇది. మా వృక్షశాస్త్రం మాస్టారు ధవళేశ్వరంలో పోయారని మొన్న కబురొచ్చింది. వెళ్ళి చూసినవాళ్ళంతా "మహానుభావుడండీ" అన్నారట. నేననలేను.

రాజమండ్రిలో మా ఆడపిల్లల మిషను బడి వెనక మామిడి మానును పట్టుకుని బదనిక అనే ఆర్కిడ్ మొక్క పూసేది. ఆ పువ్వుతోనే పాఠం. అందులో కేసరమూ కీలమూ విడిగా ఉండవు, కలిసి ఒకే కాడ అవుతాయి. పుప్పొడి పొడిగా రాలదు, ఆ కాడ కొసన రెండు పసుపు ఉండలై అంటుకుని ఉంటుంది. కొబ్బరి ఈనె మొనతో వాటిని లాగి, "తేనెటీగ జీతం నాకివ్వండర్రా" అనేవారు. బాగా చెప్పేవారు, కాదనను. చెబుతూ ఎవరినో ఒకరిని గుచ్చనిదే ఆయనకు పాఠం సాగేది కాదు.

పరీక్షనాడు పువ్వు అడుగునున్న అండాశయం కోశాను. లోపల మూడు గట్లున్నాయి. గింజలు కావలసిన అండాలు ఒక్కటీ లేవు. ఉన్నదే గీశాను.

"గింజలేవమ్మాయ్?"

"కనబడలేదండి."

"పుస్తకంలో ఉన్నాయిగా! నీ కళ్ళు కాటుక పెట్టుకోడానికేనా?"

తరగతంతా నవ్వింది. పుస్తకంలోని బొమ్మ ఉమ్మెత్త పువ్వుది. నా బొమ్మలోనూ గింజలకు చుక్కలు పెట్టమన్నారు, పెట్టలేదు. మద్రాసు కాలేజీకి నా కోసం రాయవలసిన సిఫారసు ఆపేశారు. ఏడాది ఇంట్లో కూర్చున్నాను. నాన్నగారు సంబంధాలు చూడడం మొదలుపెట్టారు.

మళ్ళీ పూత వచ్చినప్పుడు నేనే ఈనె పట్టుకుని ఒక పువ్వుకు పుప్పొడి అందించాను. రేకులు వాడిపోయాయి, అడుగు లావెక్కింది. కొన్ని వారాలాగి దాన్నీ, పుప్పొడి అందని మరో పువ్వునూ కోశాను. అందనిదానిలో అవే బోడి గట్లు. అందినదానిలో గట్ల నిండా అండాల సన్నని మొలకలు. పుప్పొడి చేరాకే ఈ పువ్వు అండాలను మొదలుపెడుతుంది! రెంటినీ తీసుకెళ్ళి మాస్టారి బల్ల మీద పెట్టాను.

ఆయన భూతద్దంలోంచి చాలాసేపు చూశారు.

"నిరుడు నువ్వెళ్ళాక నేనూ కోసి చూశాలే."

"మరి చెప్పలేదేంటండీ?"

"చెప్పుంటే ఇదంతా చేసేదానివా?"

సిఫారసు అప్పుడే రాసిచ్చారు. పొరపాటన్న మాట మాత్రం రాలేదు. మద్రాసు వెళ్ళాను, చదివాను, ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. అయినా పోయిన ఆ ఏడాది నాది, దాన్ని ఆయనకు మాఫీ చేయను.

ఆ జవాబు ముందే అనుకున్న పాఠమో, దొరికిపోయాక నోటికందిన సాకో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ మాట అన్నాక ఆయన నా ముఖం చూడలేదు. భూతద్దం మళ్ళీ కంటికి పెట్టుకుని, ఆ మొలకల మీదికి ఇంకా వంగారు.