ప్యాచ్ కింద నా పేరు

నోయిడా ఆఫీసులో నా పక్క సీటు, మయూర్ విహార్ గదిలో నా పక్క మంచం, రెండూ అతనివే. వరంగల్ కుర్రాడు, నాకంటే రెండేళ్ళు జూనియర్. ఇద్దరం కంప్యూటర్‌తో పరికరాలను పనిచేయించే డ్రైవర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళం. ఆ డ్రైవర్లన్నీ చేరే మూల ప్రోగ్రాం, ప్రపంచమంతా వాడే కెర్నెల్‌లో ఒక్కసారైనా నా పేరు ఎక్కాలని మూడేళ్ళుగా నా ఆశ. మార్పులు రాసి పంపిన ప్రతి ప్యాచూ తిరిగొచ్చేది.

అతను మాత్రం చీపురు పట్టాడు. యూఎస్‌బీ పరికరాన్ని పీకేసినప్పుడు డ్రైవర్ అన్నీ సర్దేసి వెళ్ళడానికి రిమూవ్ అని ఒక ఫంక్షన్ ఉంటుంది. పాత డ్రైవర్లలో అవి చెత్తకుప్పలు. అక్కర్లేని లైన్లు కొట్టేసి పంపేవాడు. కొట్టేయడమే! అయినా కెర్నెల్ చూసుకునే పెద్దలు వరసగా ఒప్పుకున్నారు. మేనేజర్ అందరి ముందూ అతని భుజం తట్టాడు. ఊడ్చినవాడికి సన్మానం, కట్టినవాడికి అక్షింతలూనా!

ఓ ఆదివారం బాల్కనీలో టీ తాగుతుంటే ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

"అన్నా, జర చూడవా? ఇది పంపుతున్న."

చూడగానే కనబడింది. టైమర్ ఆపకముందే మెమరీ వదిలేస్తున్నాడు. పొయ్యి మీద పాలు పెట్టి ఇంటికి తాళం వేసినట్టే. ఆ తర్వాత టైమర్ మోగిందా, మెషిన్ అక్కడికక్కడే చస్తుంది. మాట నోటిదాకా వచ్చింది.

"ఠీక్ హై, పంపెయ్" అన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నా, ఆ రోజు టీ మహా రుచిగా ఉంది.

ప్యాచ్ కెర్నెల్‌లో చేరింది. మూడు వారాలకు మా ల్యాబ్‌లోనే ఎవరో పరికరం పీకితే మెషిన్ బిగుసుకుపోయింది. తప్పు అతని ప్యాచ్‌దేనని తేలింది, ఎక్కడో మాత్రం దొరకలేదు. రెండు రోజులు అతను అన్నం ముట్టలేదు. మూడో రోజు ఉండబట్టలేక, అప్పుడే తట్టినట్టు ముఖం పెట్టి, "ఆ టైమర్ ఓసారి చూడరా" అన్నాను.

"నువ్వు లేకుంటే నా పని ఖతమే అన్నా!" అంటూ చేతులు పట్టుకున్నాడు.

తప్పు పట్టి చెప్పినవాడి పేరు సవరణ కింద రాయడం అక్కడి ఆచారం. నన్నడక్కుండానే నా పేరు రాసి పంపాడు. ఒప్పుకున్నారు. ఇక అది చెరగదు.

సాయంత్రం లడ్డూలు తెచ్చి ఆఫీసంతా పంచాడు. "హమారే అన్నా కా నామ్ ఆ గయా!" అంటూ, మా అన్న పేరు వచ్చేసిందని ప్రతి సీటు దగ్గరా ఆగి చెప్పాడు. చివరికి నా చేతిలో ఒకటి పెట్టాడు. అప్పుడూ నాకు అసూయే. పక్కవాడి పేరు చూసి అంత సంతోషపడటం నాకు చేతకాదు.