ఆయమ్మకు దక్కిన ఉంగరం

మంచాన పడ్డవాళ్లకు సేవ చేసే ఆ ఆయమ్మ వేళ్ల సందులు సబ్బుకు నాని నాని ఒరుసుకుపోయాయి. నీళ్ల వేడి మోచేత్తో చూసుకోవడం ఆమెకు అలవాటు. వీధిలో నడుస్తున్నా, ఎవరినో పక్కకు తిప్పబోతున్నట్టు కాస్త వంగే ఉంటుంది. ఒక ముసలావిడకు పదకొండేళ్లు అన్నీ తానై చేసింది. ఆవిడ నోటిదురుసు మనిషి. ఒక్కనాడూ మంచిమాట అన్న పాపాన పోలేదు. మాట పడిపోయాక ఒక మధ్యాహ్నం తన వేలి ఉంగరం తీసి ఆయమ్మ గుప్పిట్లో కుక్కింది. రాయి మసకగా ఉంది. "ఉంచుకో, అది ఉత్త గాజురాయే" అంది ముసలావిడ కోడలు. ఇంత చాకిరీకి గాజు ముక్కా అని ఆయమ్మ మనసు చివుక్కుమంది. ఆ సాయంత్రమే పని మానేసింది.

రెండేళ్లకు నడుం పట్టేసి ఎవరూ పనికి పిలవకపోతే, బంగారం తూకానికైనా ఎంతో కొంత వస్తుందని ఆ ఉంగరం నగల దుకాణానికి తీసుకెళ్లింది. దుకాణదారు దాన్ని కడిగి భూతద్దంలో చాలాసేపు చూశాడు.

"వజ్రమేనమ్మా. పాతరోజుల్లో చేత్తో సానపట్టింది. సబ్బు పేరుకుని మెరుపు కనబడలేదంతే."

ఆయన చెప్పిన ధరకు ఆమె ఇక పనికి వెళ్లక్కర్లేదు. అయినా ఆమె మొహంలో సంతోషం లేదు.

"ఇది వజ్రమని, వేలి నుంచి తీసి నాకిచ్చిన ముసలావిడకి తెలుసంటారా బాబూ?"

"పెట్టుకున్న మనిషికి తెలియకుండా ఉంటుందా?"

ఆయమ్మ ఉంగరం అమ్మేసింది. గడప దాకా వచ్చి, మెట్టు మీద కూర్చుండిపోయింది. దుకాణదారు కంగారుగా మంచినీళ్లు అందించాడు. గ్లాసు పట్టుకుందే గానీ తాగలేదు.

"ఆవిడ పోయినప్పుడు చివరిచూపుకి రమ్మని కబురు చేశారు బాబూ. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి, వెళ్లలేదు."