బోక్‌సాన్ చూడని ఆకలి

కూతురి అస్థికల కుండని కొండ మీది అస్థికల మందిరంలో గూట్లో పెట్టి వచ్చిన రోజున, బోక్‌సాన్ అన్న ఒక చేతిలో గొడుగు, రెండో చేతిలో మూతున్న ప్లాస్టిక్ పెట్టె పట్టుకుని మా సందులోకి వచ్చాడు. పెట్టెలో పాము ఉంది. నా పసరు టీ బండి దగ్గర కూర్చున్న ముసలాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఈయన చేతిలో పడ్డ పాము గతి ఏమిటో మా వాన్‌హువా పేటలో ఎవరినడిగినా చెబుతారు.

"సూప్ ఎప్పుడు పెడుతున్నావ్ బోక్‌సాన్?" అన్నాడు వాళ్ళలో ఒకడు, నోరు ఊరుకోక.

చేతిలో ఉన్న గరిటెతో వాడి ముందు బల్ల మీద ఠపీమని కొట్టాను. "కూతుర్ని సాగనంపి వస్తున్న మనిషితో అనే మాటేనా అది? నోరా, మురిక్కాలవా?"

బోక్‌సాన్ అన్న మాత్రం ఏమీ విననట్టే తలుపు తాళం తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోయాడు. ఆయన ఏడవలేదు. ఆసుపత్రిలోనూ ఏడవలేదు, దహనం దగ్గరా ఏడవలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది.

ఆయన పాముల దుకాణానికి యజమాని కాదు. యజమానులు మారారు గానీ మనిషి ఆయనే. ముప్పై ఏళ్ళకు పైగా, నా బండి పక్కనే ఉన్న ఆ దుకాణం ముందు నిలబడేవాడు. సాయంత్రమయ్యేసరికి మెడలో మైకు తగిలించుకుని, తీగల బోనులోంచి నాగుపాముని తీసి బల్ల మీద వదిలేవాడు. కొక్కెంతో వీపు మీద తట్టేవాడు. అది పడగ విప్పి బుస కొట్టేది, చూడవచ్చినవాళ్ళు కెవ్వుమనేవాళ్ళు. తర్వాత దాని మెడ పట్టుకునేవాడు. ఆ తర్వాత కత్తి. పిత్తం సారా గ్లాసులోకి, మాంసం సూప్ కుండలోకి. ఇదంతా ఆయన మొహంలో ఒక్క గీత కదలకుండా జరిగిపోయేది. నేను టీ వడపోసేటప్పుడు నా మొహమూ అలాగే ఉంటుందేమో, ఎవరు చూడొచ్చారు.

ఒకసారి ఒక నాగు పట్టు తప్పించుకుని ఎడమ చేతి మీద కాటేసింది. ప్రాణం దక్కింది కానీ చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ స్పర్శ పోయింది. ఆ రెండు వేళ్ళనీ మరుగుతున్న నా కెటిల్‌కి ఆనించి సందులో పిల్లల్ని నవ్వించేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు, ఆయన నవ్వేవాడు కాదు.

పెళ్ళాం ఏనాడో వెళ్ళిపోయింది, నీ బట్టల్లో పాముల వాసన భరించలేనంటూ. కూతురు బీయున్ దుకాణం వెనక గదిలో, బోనుల మధ్య లెక్కలు చేసుకుంటూ పెరిగింది. బడిలో తోటి పిల్లలు ఆమెని 'పాము సూపు' అని పిలిచేవాళ్ళు. చదువు అయ్యీ కాకముందే నది అవతల బాన్‌చియావ్‌లో గది చూసుకుని పోయింది. పోతూ పోతూ, "నువ్వు కోసిన ఇన్ని పాముల్లో ఒక్కదానికైనా తిండి పెట్టావా?" అని తండ్రి మీద అరిచింది. పెట్టలేదు. ఆ దుకాణంలో ఎవరూ పెట్టేవాళ్ళు కాదు. రేపో మాపో కోసే పాముకి తిండి దండగ, పైగా కడుపు ఖాళీగా ఉంటే శుభ్రం చేయడం తేలిక.

అలా వెళ్ళిన పిల్ల ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. బోక్‌సాన్ అన్నకి చెవి మందం కాబట్టి ఫోన్ నా బల్ల మీద పెట్టి, పెద్దగా వినపడేలా నొక్కేవాడు. అందుకని ఆ పోట్లాట సందంతా వినేది.

"కత్తి పారేశావా?"

"లేదు."

"ఎప్పుడు పారేస్తావ్? నువ్వు పోయాకా?"

"ఊఁ."

"ఊఁ ఏంటి ఊఁ! మోకాలికి డాక్టర్ దగ్గరికెళ్ళావా?"

"లేదు."

"నీకు ఫోన్ చెయ్యడం నాది బుద్ధి తక్కువ!"

టక్కున పెట్టేసేది. ఆయన వేరుశనక్కాయలు వలుచుకుంటూ, "దీని కోపం ఇంకా చల్లారలేదు," అనేవాడు. కొన్నాళ్ళకి తినేవాళ్ళు లేక దుకాణమే మూతపడింది. కత్తికి తుప్పు పట్టింది. అయినా ఆదివారం ఫోన్ ఆగలేదు, తిట్లూ ఆగలేదు. ఈ పిల్ల తండ్రిని ఈ జన్మలో క్షమించదని సందులో మేమంతా తీర్మానించేసుకున్నాం.

తర్వాత ఒక వానలో, వంతెన దిగుతుంటే ఆమె స్కూటర్ జారింది. ఆ వచ్చే ఆదివారం ఫోన్ మోగలేదు.

బీయున్ పాము పెంచుకుంటోందని ఆయనకి అప్పటిదాకా తెలీదు. ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ, విషం లేనిది, ఒంటి మీద గోధుమరంగు మచ్చలు. చలికాలం పండగకి మేం ఉడికించుకునే పిండి ఉండల పేరే దానికి పెట్టింది: ఉండ. ఎవరికైనా ఇచ్చేద్దామా అని ఆమె గదిలో ఉండే పిల్ల అడిగితే, బోక్‌సాన్ అన్న మారు మాట్లాడకుండా పెట్టె ఎత్తుకున్నాడట.

ఆ పిల్ల పేరు యాలిన్. పెంపుడు పాములూ బల్లులూ అమ్మే కొట్లో పని. కొన్ని వారాలు గడిచాక పాముని చూసిపోదామని వచ్చింది. నేనూ టీ పట్టుకుని మేడెక్కాను. బోక్‌సాన్ అన్న పెట్టె మూత తీసి, చెయ్యి దూర్చి, తల వెనక రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుని పాముని పైకి లేపాడు.

"అయ్యో పెదనాన్నా! మెడ పట్టుకోకండి!" అని అరిచింది యాలిన్.

"పాముని మెడ పట్టుకోక ఇంకేం పట్టుకుంటారు?"

"డేగ పట్టుకునేది మెడే, ముంగిస పట్టుకునేది మెడే. మెడ మీద చెయ్యి పడితే చచ్చాననుకుంటుంది. రోజూ ఇలాగే తీస్తున్నారా?"

"రోజూ చూడాలిగా, తింటుందో లేదో. ఎలుకని దీని మూతికి తగిలిస్తున్నా. ముట్టడం లేదు. లొంగితే మాత్రం లొంగింది." పెట్టెలో వదిలాడు. అది తల లోపలికి దాచుకుని గట్టిగా చుట్టుకుపోయింది. "చూశావా? కదలదు."

"లొంగలేదండీ, హడలిపోయింది. భయపడితే ఇలాగే ఉండలా చుట్టుకుంటుంది. అందుకే ఆ పేరు పెట్టింది బీయున్."

కూతురి పేరు వినగానే ఆయన చేతులు తుడుచుకున్నాడు. ఎందుకో నాకు తెలీదు.

యాలిన్ నా మూలికల త్రాసు తెప్పించి పాముని తూచింది. "చాలా తగ్గిపోయింది పెదనాన్నా. ఇదిలాగే ఉంటే బతకదు. తావ్‌యువాన్‌లో ఒకాయన ఉన్నాడు, ఇలాంటివి చాలా పెంచాడు. ఆయనకిచ్చేద్దాం."

"అది బీయున్‌ది," అన్నాడు బోక్‌సాన్ అన్న.

"అందుకే చెప్తున్నా."

"అది ఇక్కడే ఉంటుంది." చావు కబురు వచ్చాక ఆయన గొంతు పెంచి అన్న మాట అదొక్కటే.

యాలిన్ పాముని మళ్ళీ పెట్టెలో వదిలింది. తర్వాత కింద కూర్చుని, పెట్టెకి మొహం దగ్గరగా పెట్టి చెప్పింది. "అయితే వినండి. ఇది ఎందుకు కాటేస్తుందో ముందు తెలియాలి. మెడ వెనక్కి మడిచి, బుస కొట్టి, ఠక్కున కాటేసి ఠక్కున వదిలేసిందనుకోండి, దగ్గరికి రాకు అని అర్థం. భయమది, కావాలంటే కోపమనండి. ఆకలైతే అలా ఉండదు. మెల్లగా బయటికొస్తుంది. నాలుక ఆడిస్తూ వాసన పట్టుకుంటుంది. కాటేసిందంటే ఇక వదలదు, చుట్టేసి బిగిస్తుంది. రెండింటికీ అవే పళ్ళు. వదిలేస్తుందా, పట్టుకునుంటుందా, అది చూడాలి."

"ఆకలి," అన్నాడాయన, ఆ మాట కొత్తగా విన్నట్టు. "మా దగ్గర కోపం ఒక్కటే ఉండేది."

నేను నోరెళ్ళబెట్టాను. "ఏంటన్నా, ముప్పై ఏళ్ళు పాముల మధ్య కాపురం చేసి, పాము తినడం చూళ్ళేదా?"

"ఎక్కడ చూస్తాను బువాన్? మేం పెడితేగా."

అప్పుడు నవ్వబోయి ఆగిపోయాను.

యాలిన్ వెళుతూ వెళుతూ అన్నీ అప్పజెప్పింది. పెట్టె మీద తువ్వాలు కప్పాలి. కింద వెచ్చదనం తగ్గకూడదు. వారం పాటు అసలు ముట్టుకోకూడదు. గడ్డకట్టించి అమ్మే చచ్చిన ఎలుకని వేడినీళ్ళలో వెచ్చబెట్టి, సాయంత్రం పూట, పొడుగు పటకారుతో దూరంనుంచే చూపించాలి. లోపల చెయ్యి పెట్టాల్సొస్తే ముందు ఒక పుల్లతో దాని పక్కన మెత్తగా తాకాలి. తిండి కాదు, చెయ్యి వచ్చిందని అది తెలుసుకుంటుంది. బీయున్ అలాగే అలవాటు చేసిందట. ఎప్పుడైనా చేతిని పట్టుకుని వదలకపోతే దాని నోట్లో సారా చుక్క పోయాలి.

ఆ రోజు నుంచి బోక్‌సాన్ అన్న మేడ మీద చెప్పులు విప్పి నడిచేవాడు. నాతో కూడా గుసగుసగా మాట్లాడేవాడు, పాము వింటుందన్నట్టు. రెండుసార్లు ఎలుక పెట్టాడు. రెండుసార్లూ అది తల దాచుకుంది. ఆయన ఎలుకని కాగితంలో చుట్టి పారేసి, పటకారు కడిగి, గోడకి ఆనుకుని కూర్చునేవాడు. అలా ఎంతసేపు కూర్చునేవాడో.

ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాను. "ఒక పాము తినలేదని ఇంత చూస్తున్నావ్. కన్నకూతురు పోతే నీకు దుఃఖమే లేదా అన్నా?"

ఆయనకి కోపం రాలేదు. "ఉండే ఉంటుంది బువాన్. ఎక్కడుందో చేతికి అందడం లేదు."

నేను లేచి కప్పులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాను.

మూడోసారి నాడు కూడా వానే. చీకటి పడబోతోంది. టీ కప్పొకటి తక్కువైందని వెతుక్కుంటూ మేడెక్కితే, నా కప్పులో వేడినీళ్ళూ, నీళ్ళలో తెల్ల ఎలుకా!

"నీ కళ్ళు పోనూ! కస్టమర్లు తాగే కప్పులోనా?"

"అరవకు. అది బయటికొచ్చింది."

నిజమే. పాము పెట్టెలో తను దాక్కునే గూట్లోంచి సగం బయటికి వచ్చి ఉంది. తల నేలకి ఆనించి, నాలుక బయటికీ లోపలికీ ఆడిస్తోంది. ఆయన ఎలుకని నీళ్ళలోంచి చేత్తోనే తీసి తుడిచాడు. పెట్టెలో నీళ్ళ గిన్నె అడ్డంగా ఉంది. దాన్ని జరుపుదామని ఎడమ చెయ్యి లోపల పెట్టాడు. పుల్ల మర్చిపోయాడు. వేళ్ళ నిండా ఎలుక వాసన.

నేను దాని కదలిక చూడనే లేదు. చూసేసరికి ఆయన చేతిని నోట కరుచుకుని ఉంది. మణికట్టు చుట్టూ ఒక చుట్టు వేసింది, ఆ మీద ఇంకొకటి.

ఆయన కుడి చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఏం చేస్తుందో ఈ సందులో అందరికంటే నాకే బాగా తెలుసు. బొటనవేలూ చూపుడువేలూ దాని మెడ దాకా వెళ్ళాయి. అక్కడ ఆగాయి. మెల్లగా వెనక్కి వచ్చి మోకాలి మీద వాలాయి.

"సారా తేనా? నోట్లో చుక్క పోస్తే వదులుతుందంది కదా ఆ పిల్ల!" నా గొంతు నాకే కీచుమంది.

"ఉండు."

"రక్తం కారుతోంది అన్నా!"

"కారనీ. బువాన్, వదల్లేదు చూశావా?"

నేను దగ్గరికి వంగి చూశాను.

"కోపమైతే కాటేసి వదిలేస్తుందంది కదా. ఠక్కున." ఆయన చూపు పాము మీదే ఉంది. "బీయున్ ఎన్నాళ్ళు ఫోన్ చేసింది?"

"ఇల్లు వదిలిన కాడ్నించీ చేస్తూనే ఉందిగా."

"ఒక్క ఆదివారం మానిందా?"

"జ్వరమొచ్చినా మానలేదు. దగ్గుతూ తిట్టింది."

"నేనేమనేవాణ్ణి?"

"కోపం చల్లారలేదనేవాడివి."

ఆయన తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. వాన రేకుల మీద పడుతోంది. ఆ చెయ్యి కదలకుండా ఉండేసరికి, ఇది ఎలుక కాదని దానికి ఎప్పటికో తెలిసినట్టుంది, చుట్లు వదులు చేసి, దవడ విప్పి వెనక్కి తగ్గింది. కానీ గూట్లోకి పోలేదు. అక్కడే తల ఎత్తి నాలుక ఆడిస్తోంది. ఆయన రక్తం కారుతున్న చేత్తోనే పటకారు తీసుకుని ఎలుకని అందించాడు. అది లాక్కుంది, చుట్టేసింది, తర్వాత తల వైపునుంచి మింగడం మొదలుపెట్టింది.

ఇద్దరం నేల మీద కూర్చుని చూశాం. తొందర లేకుండా తింటుంది పాము. దవడ ఒక పక్క ముందుకి, మరో పక్క ముందుకి. ఆఖరికి తోక కూడా లోపలికి పోయాక అది నోరు తెరిచి ఆవులించింది. ఏడుపు నాకు వచ్చింది. ఆయన మాత్రం పాము గూట్లోకి వెళ్ళేదాకా చూసి, తువ్వాలు కప్పి, మెట్లు దిగి నా బండి దగ్గరికి వచ్చాడు. ఆదివారాలు కూర్చునే చోటే కూర్చుని చెయ్యి చాపాడు.

గోరువెచ్చని వేపాకు కషాయం పోసి కడిగాను. పళ్ళు దిగింది ఉంగరపు వేలి మీదా, చిటికెన వేలి మీదా.

"నొప్పిగా ఉందా?" అన్నాను, అలవాటు కొద్దీ.

"ఉంది," అన్నాడు. ఆ వేళ్ళకేసి చూస్తూ మళ్ళీ అన్నాడు. "చాలా ఉంది బువాన్."

ఆ రెండు వేళ్ళకీ స్పర్శ లేదన్న సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంకొంచెం కషాయం పోశాను.