తెర అంచున నిలబడ్డ అన్న

నెల్లూరులో ఆ సినిమా చూసి వచ్చినప్పటి నుంచి మస్తానుకు అది చూపించాలని నా పట్టుదల. మస్తాను ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే నా స్నేహితుడు. ఇల్లు పంచుకున్ననాడు తన అన్న నోరు విప్పలేదని, దుత్తలూరులో ఉండే ఆయనతో మాటలు మానేశాడు. సినిమాలోనూ పంపకాల ఘట్టం ఉంది. అందరూ బొమ్మ నడుమ కూర్చుని అరుస్తుంటే, అన్న ఒక అంచున గడప దగ్గర నిలబడి ఉంటాడు. ఒక్క మాటా ఉండదు. నిలబెట్టిన చోటే ఆయన మనసు చెబుతుంది.

ఆత్మకూరుకు టూరింగ్ టాకీసు వచ్చిందని విని మధ్యాహ్నం రెండు గంటల బస్సెక్కాం. దుత్తలూరు రాగానే మస్తాను కిటికీ పరదా దించాడు. "ఎండగా ఉండాది" అన్నాడు. ఎండ రెండో వైపు ఉంది.

ఆత్మకూరులో పూటకూళ్లింట్లో తిని, మొదటి ఆటకు బెంచీ టికెట్లు కొన్నాం. తెర చూడగానే నాకు ఒళ్లు మండింది. ఎవరో బట్టల కొట్టాయన తన కొట్టు పేరు రాసిన గుడ్డలు తెరకు రెండు అంచులా కుట్టించాడు. పంపకాల ఘట్టంలో అన్న ఆ ఎర్ర అక్షరాల్లో కలిసిపోయాడు.

"ఏడ్రా నువ్వు చెప్పిన అన్న? ఈడ కూడా రాలేదే!" అన్నాడు మస్తాను.

డేరా యజమాని మీదికి పోయాను.

"ఏందయ్యా నీ గోల? హీరో నడుమనే కనపడతా ఉండాడు గదా. అంచున ఏముంటాది, గోడ!"

గోడట! మనిషిని ఎక్కడ నిలబెట్టాలా అని ఎవరో తల బద్దలు కొట్టుకుని తీసిన బొమ్మను వీళ్లు చీర ముక్కలా కత్తిరించారు. సత్రంలో పడుకున్నా కోపం చల్లారలేదు.

పొద్దున తిరుగు బస్సు దుత్తలూరులో ఆగింది. మస్తాను చెయ్యి మళ్లీ పరదా మీదికి పోయింది. నాకు తిక్క రేగి దాన్ని పీకి పారేశాను.

"బస్సు మీ నాయనదా?" అని కండక్టరు అరిచాడు.

జనమంతా బస్సు తలుపు దగ్గర తోసుకుంటున్నారు. వాళ్లకు ఎడంగా, టీ కొట్టు గుంజ పట్టుకుని మస్తాను అన్న నిలబడి ఉన్నాడు. ఉదయగిరి బస్సు వచ్చే వేళకు ఆయన రోజూ అక్కడే ఉంటాడు. అది మస్తానుకూ తెలుసు, లేకుంటే పరదా ఎందుకు దించుతాడు?

"రాత్రి నీకు కనపడని మనిషి ఈయనేరా. ఇప్పుడన్నా చూడు!" అని కసిరాను.

చూశాడు. బస్సు కదిలింది.

"ఆపండన్నా, నేను దిగాల" అని లేచాడు.

అక్కడి నుంచి ఉదయగిరి దాకా నా పక్క సీటు ఖాళీ. ఆత్మకూరు పోయేవాళ్లకు చెబుతున్నాను, భోజనం బాగుంటుంది, సత్రం శుభ్రంగా ఉంటుంది, ఆ డేరాలో మాత్రం సినిమా చూడకండి. మస్తాను దిగిపోయినా సరే, ఆ బట్టల కొట్టాయన మీద నా కోపం తీరలేదు.