మీసం ముట్టుకుంటే ఊరుకోడు

ఆ హాస్యనటుణ్ణి అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు. సినిమావాళ్ళందరికీ ఆయన వంకరమీసం. మూతికి అంటించిన పెట్టుడు మీసం ఏ సినిమాలోనూ తిన్నగా ఉన్న పాపాన పోలేదు. పోలీసు వేషమైనా, పెళ్ళికొడుకు వేషమైనా, ఒక కొస ముక్కులోకి తొంగిచూస్తూ, రెండో కొస గడ్డం వైపు జారుతూ ఉండాల్సిందే. ఎవరైనా సరిచేయబోతే రెండు చేతులతో మూతి కప్పుకుని, ఇల్లు దోచుకుపోతున్నట్టు కేకలు పెట్టేవాడు.

నేను ఆయన సినిమాలకు సహాయ దర్శకుణ్ణి. ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ వేషంలో తేడా రాకుండా చూడటం నా పని. అంటే, ఆ మీసం తరఫున తిట్లు తినడం నా పని. ఓ కోర్టు సీనులో ఆయన బోనెక్కేటప్పుడు మీసం ఎడమకి వాలి ఉంది. భోజనాలయ్యాక, "నేను నిర్దోషిని!" అనేసరికి కుడికి వాలింది.

"ఇదేంటండీ?" అన్నాను ఏడుపు గొంతుతో.

"అబద్ధం చెప్పేటప్పుడు అటు తిరుగుతుందోయ్. దాన్ని నటన అంటారు" అన్నాడు.

ఈ ముక్క ఒక విలేకరి చెవిన పడింది. మీసంతో నటించగల ఏకైక నటుడంటూ పత్రికలో అరపేజీ రాసేశాడు. ఇక మనిషిని పట్టడం ఎవరి తరం? వాళ్ళావిడ మాత్రం, "ఆ మీసం నటించినదాంట్లో సగం మీరు నటిస్తే ఈపాటికి హీరో అయ్యేవారు" అని దెప్పిపొడిచేది.

ఆ ముచ్చటా తీరే రోజొచ్చింది. ఒక పెద్ద దర్శకుడు ఆయన్నే హీరోగా పెట్టి సినిమా మొదలెట్టాడు. గోడ మీద పటం ఇసుమంత ఒరిగినా షూటింగ్ ఆపేసే ఘటం ఆ దర్శకుడు. మొదటి రోజు ఉదయమే నన్ను పిలిచాడు.

"మీసం తిన్నగా ఉంటే ఈ సినిమాకి ఆయన. లేకపోతే ఇంకొకాయన. ఆయన వెంట తిప్పుకునే ఆ ముసలి మేకప్‌మేన్‌ని ఇంటికి పంపేసి, మన కంపెనీ మేకప్‌మేన్‌ని పెట్టుకోమని చెప్పు."

పరుగెత్తాను. మేకప్ గదిలోకి వంకరమీసం ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. ఆవేళ తలుపు ఓరగా తీసి ఉంటే తల దూర్చాను.

ముసలాయన చేతిలో జిగురు పూసిన మీసం ఉంది. ఆ చెయ్యి గడగడ వణుకుతోంది. మన వంకరమీసం చూపంతా దాని మీదే పెట్టి, అది ఎటు పోతే మూతి అటు తిప్పుతూ, పైకీ కిందకీ ఊగుతూ, అందిన చోట అంటించుకోవాలని నానా అవస్థ పడుతున్నాడు.

"కుదురుగా కూర్చోరా! నువ్వు కదలబట్టే గదా నా పేరు పాడైపోతోంది!" అని ముసలాయన కసిరాడు.

"నిజమే అన్నా. చిన్నప్పట్నుంచీ నాకు కుదురు లేదు. మా అమ్మ కూడా ఇదే అనేది."

"ఎలా భరించిందో మహాతల్లి!"

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గూ వేసింది. ఈ మనిషినా ఇన్నాళ్ళూ తిక్క మనిషని తిట్టుకున్నాను! ఇంతలో వెనక ఎవరో నిలబడ్డట్టనిపించి తిరిగి చూస్తే, దర్శకుడు.

"సార్, నేను నచ్చజెబుతాను..."

"నోర్ముయ్" అని గొణిగి, గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. హీరో వేషం గంగలో కలిసిందనుకున్నాను.

కాసేపటికి వంకరమీసం సెట్‌లోకి వచ్చాడు. మీసం ఎడమకి దిగజారి ఉంది. మూతి కప్పుకోడానికి చేతులు సిద్ధంగా పెట్టుకున్నాడు. దర్శకుడు పళ్ళు నూరుతూ దాన్ని చూశాడు. తర్వాత కెమెరామేన్ వైపు తిరిగాడు.

"కెమెరా కాస్త పక్కకి వంచవయ్యా."

"గోడలు ఒరిగిపోతాయి సార్! ఆయన కూడా పడిపోతున్నట్టుంటాడు."

"కమెడియనేగా, పడిపోనీ. నాకు మీసం తిన్నగా కావాలి."

షాట్ అయ్యాక మేకప్ పెద్దాయన మానిటర్ దగ్గరికొచ్చి, కళ్ళజోడు సవరించుకుని చూశాడు. ఇల్లూ, కిటికీలూ, హీరో అన్నీ ఓ పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. మీసం ఒక్కటే తిన్నగా ఉంది.

"చూశావురా? ఒక్కరోజు కుదురుగా కూర్చుంటే ఎంత చక్కగా వచ్చిందో!"

"అవునన్నా, బుద్ధొచ్చింది" అన్నాడు వంకరమీసం చేతులు కట్టుకుని.

పెద్దాయన మళ్ళీ ఓసారి పరీక్షగా చూసి, దర్శకుడి వైపు తిరిగాడు.

"ఏమీ అనుకోకండి బాబూ. ఆ ఇల్లు కట్టినవాణ్ణి మాత్రం ముందు పనిలోంచి తీసెయ్యండి."