పదమూడో వరుసలోని మొక్క

ఉద్యోగం కొత్తగా వచ్చిన రోజుల్లో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. తెలియనివన్నీ తర్వాత ఒక్కొక్కటిగా బయటపడతాయి. నాకైతే ఆ తెలివి మరీ క్రమపద్ధతిలో ఉండేది. సివిల్ ఇంజినీరింగ్ చదివి, మర్రిగూడ వైపు ఒక ఊరికి పంచాయతీ కార్యదర్శిగా చేరిన కొత్తలో ఏ పనికైనా ముందు ఒక పట్టిక గీసేవాణ్ణి. వీధిదీపాలకు పట్టిక, మురికికాలువలకు పట్టిక, బీరువాలోని పాత ఫైళ్లకు పట్టిక. (ఏ పట్టిక ఎక్కడుందో చెప్పే పట్టిక కూడా ఒకటుండేది. ఈ కథలో నేను సిగ్గుపడవలసినవాటిలో ఇది మొదటిది, అన్నిటికన్నా చిన్నది.)

పంచాయతీ ఆఫీసు ముందు గేటు నుంచి మెట్ల దాకా పొడవాటి జాగా ఉండేది. పొద్దున ఎక్కిన ఎండ సాయంత్రం దాకా దిగేది కాదు. ఒక మూలకు తంగేడు పొద, మిగతా అంతా మోకాలెత్తు పచ్చటి కలుపు. వినాయక చవితి వెళ్లిన మర్నాడు, అక్కడ రంగురంగుల పూలతోట పెట్టాలని నాకు బుద్ధి పుట్టింది. వెంటనే పట్టిక సిద్ధమైంది. నూరువరహాలు, పెటూనియా, సాల్వియా, బిళ్లగన్నేరు, ఇలా నిండు ఎండలో పూస్తాయని ఫోన్లో చదివిన పన్నెండు మొక్కలు నిలువుగా. ఎండ, నీళ్లు, ఎత్తు, పూసే కాలం, రంగు అడ్డంగా. ఒక్కో గడికి పదికిన్ని మార్కులు. న్యాయంగా ఉండాలి కదా అని, అప్పటికే అక్కడున్న కలుపును కూడా పదమూడో వరుసలో చేర్చాను. పేరు: తెలియదు. ఎండ: పది. నీళ్లు: పది (ఎవరూ పోయకుండానే పెరిగింది కాబట్టి). రంగు: సున్నా. చేయవలసినది: తొలగించుట. తంగేడు రాష్ట్ర పుష్పం కనుక దానికి మార్కులు వేసే ధైర్యం లేక వదిలేశాను.

ఆఫీసు ఊడ్చి, మొక్కలకు నీళ్లు పోసే అవ్వ ఒకామె ఉండేది. ఊరంతా నీళ్లవ్వ అనేవాళ్లు. ఆ చుట్టుపక్కల ఫ్లోరైడున్న పాత బోరు నీళ్లు చాలామంది ఎముకలను వంచినట్టే ఆమె మోకాళ్లనూ వంచేశాయి. అడుగు తీసి అడుగు వేస్తే పడవ ఊగినట్టు ఊగేది. నేను పట్టిక పట్టుకుని బయటికి వచ్చి, ఆ కలుపంతా పీకెయ్యాలని చెప్పగానే, చేతిలో చీపురు గోడకు ఆనించింది.

"సారూ, జర ఆగరాదు. ఒక్క నెల దినాలు."

"ఎందుకవ్వా?"

"పువ్వు పెడ్తది."

"కలుపుకు పువ్వేందవ్వా? లిస్టుల దానికి రంగు సున్నా."

"గా సున్న ఎవలేసిన్రు?"

"నేనే."

"మంచిగేసినవ్ తియ్," అని కొంగు నడుముకు చుట్టుకుని పనిలోకి దిగింది. ఇంకోసారి అడిగితే ఎందుకు ఆగమందో చెప్పేదేమో. నేను అడిగింది ఒక్కసారే, అదీ జవాబు కోసం కాదు. ఆమె వంగి పీకుతుంటే నేను నీడలో నిలబడి, ఒక పక్క నుంచి వరుసగా రమ్మని సలహా ఇచ్చాను. అంతకన్నా ముందే, ఒక్క మొక్క కూడా పీకకముందు ఫొటో తీయాలి కదా అని, "అవ్వా, ఫొటోల పడుతున్నవ్, జర పక్కకు జరుగు" అని కూడా అన్నాను. ఆ సాయంత్రం 'ముందు', 'తర్వాత' అని రెండు ఫొటోలు మా కార్యదర్శుల గ్రూపులో పెడితే బొటనవేళ్లు వరుసగా లేచాయి. ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు ముడుచుకుపోతుంది.

నర్సరీ నుంచి మొక్కలు వచ్చాయి. పేర్లు రాసిన పుల్లలు గుచ్చాను. తాగడానికి ఇంటింటికీ నల్లా నీళ్లు వచ్చినా, మొక్కలకు పాత బోరు నీళ్లే గతి. ఆ ఎండకు, ఆ నీళ్లకు పెటూనియా వారం తట్టుకుంది. సాల్వియా ఆకుల అంచులు కాల్చిన అప్పడంలా అయ్యాయి. నూరువరహాలు నూరు కాదు కదా, ఒక్కటి కూడా పూయలేదు. చివరికి బిళ్లగన్నేర్లు నాలుగు, పేర్ల పుల్లలు మొత్తం మిగిలాయి. నీళ్లవ్వ మాత్రం ఒక్క మాటనలేదు. చచ్చినవాటికి కూడా రెండు పూటలా నీళ్లు పోసింది. (అది వెక్కిరింతా, విధేయతా అన్నది నాకిప్పటికీ తేలలేదు.)

సద్దుల బతుకమ్మ ఇంకా రెండు రోజులుందనగా, ఆఫీసు వెనక వీధిలో జాకెట్లు కుట్టే టైలరక్క కొడవలి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది.

"సారూ, గునుగేది?"

"ఏ గునుగు?"

"గీడుండె గద! గేటు కాడికెల్లి మెట్ల దాక."

ఆమె నేలను చూసింది, పేర్ల పుల్లలను చూసింది, నన్ను చూసింది.

"పీకిచ్చినవా?"

నేను తల ఊపాను.

"ఎవలతోటి? నీళ్లవ్వతోనేనా?" అని ఫక్కున నవ్వబోయి, మధ్యలోనే ఆపేసింది. "అయ్యో, గదా ముచ్చట! అందుకే ఈసారి ఆటకు రానన్నది. ఎందుకవ్వా అంటే చెప్తలేదు. ఒట్టి చేతులతోటి ఎట్ల వస్త అన్నది."

అప్పుడు చెప్పింది. చేలల్లో అందరూ పత్తి పెట్టి గడ్డిమందు కొట్టడంతో ఊళ్లో బతుకమ్మకు పేర్చే గునుగు పువ్వు కనిపించకుండా పోయిందట. ఆడవాళ్లంతా గుట్టెక్కి వెతుక్కుంటే ఒక్కొక్కరికి పిడికెడు దొరుకుతుందట. "ఆమె ముడుకులతోటి గుట్టెక్కుతదా సారూ? అందుకనే గీ జాగల గునుగు అవ్వకే ఇడిసినం. పిల్లగాండ్లు గూడ ముట్టరు. ఏటేటా నేనే వచ్చి కోసిస్త. మరి అవ్వ రాకుంటే పాట ఎవలెత్తుకోవాలె? మాకు సగం పాటలు రానే రావు."

"నేను తెస్త అక్కా," అన్నాను.

"గునుగు తెలుస్తదా నీకు?"

"తెలుస్తది," అన్నాను. అబద్ధం కూడా ఎంతో క్రమపద్ధతిలో చెప్పాను.

నేను పుట్టి పెరిగింది రామన్నపేటలో. మా అమ్మ ఏటా బతుకమ్మ పేరుస్తుంది. కానీ నాకు గునుగంటే బజారులో కట్టగా కట్టి అమ్మే తెల్లటి కంకులే తప్ప, పూత రాకముందు చేలో నిలబడి ఎలా ఉంటుందో ఎరగను. చదువంతా హాస్టళ్లలోనే అయింది. మర్నాడు పొద్దున్నే బండేసుకుని బయల్దేరి, కనిపించిన ప్రతి రైతునూ అడిగాను. "గునుగా? మందు కొడితిమి సారూ, గడ్డిపోచ గూడ లేదు," అని గర్వంగా చెప్పారు. మధ్యాహ్నానికి ఒక ఎండిపోయిన బోరు పక్కన సాగు లేని పడావు భూమిలో పొడవాటి కంకులు కనిపిస్తే, పరుగెత్తి ఒక చంకెడు కోసి, ఎందుకైనా మంచిదని అమ్మకు వీడియో కాల్ చేశాను.

"జర దగ్గరికి చూపియ్... అది ఉత్తరేణి రా!"

"కంకి ఉంది కదమ్మా?"

"కంకుంటే గునుగైతదా? నీ ప్యాంటుకు అంటుకున్నది సూడు. ఇంజినీరు చదివినవ్, గునుగు ఎట్లుంటదో తెల్వదా? ఫోను అటు తిప్పు... ఇంకా అటు... అగో, నీ ఎనకాల ఉన్నదే గునుగు!"

నిజంగానే నా వెనకే, తెల్లగా, కొసన లేత గులాబీ రంగుతో, నడినెత్తి ఎండలో తల వంచకుండా నిలబడి ఉంది. కింద ఆకులు చూశాను. నేను మార్కులు వేసిన ఆకులే. పదమూడో వరుస.

ఉన్నదంతా కోశాను. అన్నీ సమానంగా ఉండాలని, పెన్నుతో గుర్తు పెట్టుకుని ప్రతి పువ్వునూ జానెడు కూడా లేకుండా ఒకే కొలతకు కత్తిరించాను. సాయంత్రం నీళ్లవ్వ ఇంటి ముందు ఆ మూట విప్పి నిలబడ్డాను. ప్యాంటు నిండా ఉత్తరేణి ముళ్లు.

ఆమె ఒక పువ్వు తీసి కాడను చూసింది. "గింత పొట్టిగనా సారూ? కాడ లేకుంటే ఎట్ల పేర్వాలె?"

"తప్పయింది అవ్వా." కాడల గురించి మాత్రమే కాదని ఆమెకు తెలుసు.

"పీకుమన్ననాడు గీ ముచ్చట చెప్పకపోతివి అంటవేమో. చెప్తే ఇంటుంటివా?"

"ఇనకపోతుంటి," అన్నాను. ఆ మొత్తం వ్యవహారంలో నేను ఆడిన నిజం అదొక్కటే.

ఆమె లోపలికి ఊగుకుంటూ వెళ్లి, రెండు గిన్నెల్లో రంగు నీళ్లు కలుపుకొచ్చి నా ముందు పెట్టింది. "కూసో. కట్టలు గట్టి కొసలు ముంచు. ఏ రంగేద్దాం?"

"దీనికి రంగు..." అని ఆగిపోయాను.

"రంగు మనం ఏస్తం గద బిడ్డా," అంది. సారు కాస్తా బిడ్డ అయినందుకు తల ఇంకా కిందికి దిగింది.

సద్దుల నాడు బడి ముందర అందరి బతుకమ్మలూ నడుమెత్తు, నీళ్లవ్వది మాత్రం చిన్నపిల్లలు పేర్చుకునేంత. పొట్టి కాడలతో అంతకన్నా లేవలేదు. టైలరక్క దాన్ని తీసుకెళ్లి నడిమధ్య పెట్టింది. అవ్వ పాట ఎత్తుకుంది. నేను దూరంగా గోడ పక్కన నిలబడి, గులాబీ రంగు వదలని నా రెండు చేతులనూ జేబుల్లో దాచుకున్నాను. మరో వారం దాకా ఆ చేతులతోనే సంతకాలు పెట్టాను, ఎవరడిగినా పెయింటింగ్ పని అని చెప్పాను.

తర్వాతి ఏడాది వానలకు ఆ జాగాలో గునుగు తనంతట తానే మొలిచింది, నా అనుమతి అడగలేదు. ఇప్పుడు నేను వేరే మండలంలో పనిచేస్తున్నాను. ఫోన్లు రెండు మారినా 'ముందు' అన్న ఆ ఫొటో మాత్రం వెంట తెచ్చుకున్నాను. పెద్దది చేసి చూస్తే, నేను సున్నా వేసిన పచ్చదనంలో అక్కడక్కడా అగ్గిపుల్ల మొనంత గులాబీ కొసలు కనిపిస్తాయి. ఎడమ అంచున, జరగమంటే సగమే జరిగిన నీళ్లవ్వ, ఒక చెయ్యి ముందుకు చాపి ఉంటుంది. ఫొటోకు అడ్డమొచ్చిందని ఆ రోజు విసుక్కున్నాను. ఆమె చెయ్యి చాపింది నన్ను ఆగమని. ఆ చెయ్యి చూసినప్పుడల్లా సిగ్గుతో నవ్వొస్తుంది, ఫొటో తీసిన ఆ పట్టికల పిల్లవాణ్ణి చూసి. వాడు ఫ్రేములో లేడు కానీ, అందులో కనిపించేదంతా వాడే.